కొబ్బరి పొట్టులో ఉదజని సూచిక
కొబ్బరి డొక్కల నుండి పీచు తీయగా మిగిలే పొట్టు (కోకోపీట్) మట్టికి బదులుగా మొక్కల పెంపకంలో వాడబడుతుంది. ఇందులో పోసే పోషక ద్రావణపు ఉదజని సూచికను (పీహెచ్) 5.8 - 6.2 మధ్య ఉంచడం మేలు. ఈ సూచికలో ఒక అంకె తేడా ఆమ్లత్వంలో పది రెట్ల తేడాకు సమానము.

సమస్య
బోరు నీటిలోని బైకార్బొనేట్లు సూచికను పెంచుతాయి. అది 7 దాటితే ఇనుము కరగని రూపంలోకి మారుతుంది. లేత ఆకులలో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్యభాగం పసుపుబారుతుంది. ఈ స్థితిలో అన్నభేది ఎంత వేసినా ప్రయోజనం స్వల్పమే.

నివారణ
పొట్టును ముందుగా మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టి, తిరిగి కడగాలి. దీనివల్ల పొట్టు పట్టి ఉంచిన సోడియం, పొటాషియం చాలావరకు తొలగుతాయి. ఎరువులు కలిపిన తరువాతనే సూచికను కొలవాలి. ఎక్కువగా ఉంటే పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా చేర్చాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు.