డిస్క్‌లో ఖాళీ ఉన్నా గేమ్ ఎందుకు ఎక్కదు?

వంద జీబీల గేమ్‌ను సెకనుకు 20 మెగాబిట్ల నెట్‌తో డౌన్‌లోడ్ చేస్తే, ఎక్కడా ఆగకుండా వచ్చినా పదకొండు గంటలు పడుతుంది. తొండూరు లాంటి మండల కేంద్రంలో అంతసేపు నెట్టూ కరెంటూ రెండూ నిలకడగా ఉండాలనుకోవడం కొంచెం అత్యాశే. పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాలింట్లో దించుకుని, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో తెచ్చుకోవడమే తెలివైన పని. అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలవుతుంది. డిస్క్‌లో 600 జీబీలు ఖాళీ కనబడుతున్నా ‘స్థలం చాలదు’ అనో, ‘డిస్క్ రైట్ ఎర్రర్’ అనో వస్తుంది. ఈ మాటల్ని ఉన్నదున్నట్టు నమ్మకండి. పని ఎక్కడ ఆగిందో చెబుతాయే గానీ, ఎందుకు ఆగిందో చెప్పవు. చాలాసార్లు తప్పు గేమ్‌ది కాదు, డిస్క్‌దీ దాని కేబుల్‌దీ.

మొదట ఫార్మాట్ చూడండి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే ఫైల్ సిస్టమ్ పేరు ఉంటుంది. ఫ్యాట్32 అని ఉంటే దొంగ దొరికినట్టే. 1996లో విండోస్ 95 తర్వాతి విడతతో వచ్చిన ఈ పద్ధతిలో ప్రతి ఫైలు సైజునూ 32 బిట్లలో రాసుకుంటారు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. బండి మీటర్లో ఐదు గళ్లే ఉంటే 99,999 తర్వాత చూపడానికి చోటుండదు కదా, ఇదీ అంతే. డిస్క్ ఎంత పెద్దదైనా ఒక్కో ఫైలు ఆ హద్దు దాటడానికి లేదు. ఇప్పటి గేముల్లో ఒక్క డేటా ఫైలే పది జీబీలు ఉండొచ్చు.

విండోస్‌లోనే వాడేట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చుకోండి. ‘కన్వర్ట్’ కమాండ్‌తో ఉన్న డేటా పోకుండానే మారుతుంది, అయినా ముందు ఒక కాపీ తీసి పెట్టుకోవడం మంచిది. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌కు కూడా 4 జీబీ హద్దు లేదు. కానీ దానికి జర్నల్ లేదు. చేయబోయే మార్పును ముందుగా రాసిపెట్టుకునే చిట్టానే జర్నల్ అంటారు. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ చిట్టా చూసి ఫైళ్ల లెక్క సరిచేసుకుంటుంది. కోతలున్న ఊళ్లకు ఇదే నయం. అయితే అది కాపాడేది లెక్కనే, ఫైలు లోపలి సరుకును కాదు. అందుకే కరెంటు పోయి వచ్చాక, గేములు దించే స్టీమ్ ప్రోగ్రామ్‌లో ‘వెరిఫై ఇంటెగ్రిటీ’ నొక్కాలి. చెడిన ముక్కల్నే మళ్లీ దించుకుంటుంది.

ఫార్మాట్ బాగానే ఉంటే కేబుల్‌ను అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపియర్లు, 3.0 ఇచ్చేది 900. లోపలి పళ్లెం తిరగడం మొదలయ్యేటప్పుడు డిస్క్‌కు 500 చాలకపోవచ్చు. చాలకపోతే టిక్కుటిక్కుమంటుంది, లేదా కాపీ మధ్యలో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇన్‌స్టాలర్ మాత్రం ‘ఫైలు పాడైంది’ అని గేమ్ మీదికి నెట్టేస్తుంది. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి, డెస్క్‌టాప్ అయితే వెనకున్న పోర్టులో, పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి. వేగంలో తేడా కూడా చిన్నదేం కాదు. 2.0లో సెకనుకు 30-40 మెగాబైట్లకు మించి రాదు కాబట్టి వంద జీబీల కాపీకి నలభై నిమిషాల పైనే పడుతుంది.

నిన్న ఆడిన గేమ్ ఇవాళ కనబడకపోతే డ్రైవ్ అక్షరం మారిందేమో చూడండి. మధ్యలో పెన్‌డ్రైవ్ పెట్టారంటే ‘ఇ’ కాస్తా ‘ఎఫ్’ అవుతుంది. స్టీమ్ పాత చిరునామాలోనే వెతుకుతూ ఉంటుంది. ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో పాత అక్షరం ఇచ్చేస్తే సరి. పీఎస్5 కన్సోల్ వాళ్ల సంగతి వేరు. యూఎస్‌బీ డిస్క్‌లో పీఎస్5 గేమ్‌ను దాచుకోవచ్చు, అక్కణ్నుంచి ఆడలేరు. అది లోపం కాదు, సోనీ పెట్టిన నియమం. పీఎస్4 గేములు మాత్రం నడుస్తాయి.

ఇక ఎండ. పోర్టబుల్ డ్రైవ్‌లు కొన్నిటి వివరాల్లో, పనిచేసేటప్పుడు చుట్టూ ఉండాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. కడప జిల్లా వేసవి 40 దాటడం మనకు కొత్త కాదు. గంటల తరబడి సాగే ఇన్‌స్టాల్‌ను రాత్రికి పెట్టుకోండి, డిస్క్‌ను పరుపు మీదో లాప్‌టాప్ గాలి వదిలే చోటో ఉంచకండి.

ఇవన్నీ చేశాక కూడా ఎర్రర్ వస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ (చెడిపోయాయని డిస్క్ పక్కన పెట్టేసిన ముక్కలు) సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. అప్పుడు డిస్క్‌ను రిపేరు చేసే ‘చెక్‌డిస్క్’ జోలికి పోకండి, ఆ శ్రమకే అది ఆఖరి ఊపిరి వదలొచ్చు. ముందు అందులోని పెళ్లి ఫొటోలూ ఇంటి కాగితాలూ వేరేచోటికి కాపీ చేయండి. గేమ్‌ను మళ్లీ ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకోవచ్చు.