పసుపు దీపం వెలిగితే...

పికప్ బండి తెలియని ఊరు లేదు. తెల్లవారుజామున కూరగాయలు రైతుబజారుకు వెళ్లేది ఆ బండిలోనే. పాల క్యాన్లు, పూల బుట్టలు, ఎరువు బస్తాలు, రొయ్యల ట్రేలు అన్నీ ఆ బండిలోనే. కొందరు అక్కలు అప్పు తీసుకుని సొంతంగా బండి కొనుక్కున్నారు. కొందరి ఇళ్లలో భర్తో, కొడుకో, తమ్ముడో ఆ బండి నడుపుతాడు. బండి తిరిగితే ఇల్లు గడుస్తుంది. బండి షెడ్డులో పడితే కిస్తీ ఆగుతుంది. బ్రేకు చెడితే ప్రాణానికే ముప్పు.

ఈ పాఠంలో బ్రేకుకు సంబంధించిన ఒక చిన్న దీపం సంగతి తెలుసుకుందాం. దాని పేరు ఎ.బి.ఎస్. దీపం. ఇప్పుడు వస్తున్న చాలా పికప్ బండ్లలో అది ఉంటుంది. ఆ దీపం వెలగగానే "మాడ్యూల్ పోయింది, వేలకు వేలు అవుతుంది" అంటారు కొందరు. "ఏం కాదులే, పోనీ" అంటారు మరికొందరు. రెండు మాటలూ వెంటనే నమ్మకూడదు. ఎందుకో చూద్దాం.

ఎ.బి.ఎస్. అంటే ఏమిటి?

సైకిల్ వేగంగా పోతోంది. గట్టిగా బ్రేకు పట్టారు. చక్రం టక్కున ఆగింది. మరి సైకిల్ ఆగిందా? లేదు. తడి నేల అయితే జర్రున జారింది.

పికప్ బండీ అంతే. డ్రైవరు కంగారులో బ్రేకును ఒక్కసారిగా తొక్కితే చక్రాలు పట్టేస్తాయి. తిరగడం మానేస్తాయి. బండి మాత్రం ఈడ్చుకుంటూ ముందుకు పోతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఎదురుగా గేదె ఉన్నా, పిల్లవాడు ఉన్నా తప్పించడం కష్టం.

చక్రాలు అలా పట్టేయకుండా చూసేదే ఎ.బి.ఎస్. 1978లో జర్మనీ దేశంలో బాష్ కంపెనీ దీన్ని మెర్సిడెస్ కార్లకు అమర్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఇది తప్పనిసరి అయింది. పికప్ బండ్లలో మోడల్‌ను బట్టి ఉంటుంది. మీ బండికి ఉందో లేదో బండితో ఇచ్చిన పుస్తకంలో చూడండి.

అది ఎలా పని చేస్తుంది?

మన ఒంటితో పోల్చి చూద్దాం.

కళ్లు: చక్రం దగ్గర సెన్సార్ అనే చిన్న వస్తువు ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే ఒక రింగును అది చూస్తూ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెడుతుంది.

నరాలు: సెన్సార్ చూసిన సంగతిని వైర్లు మోసుకుపోతాయి.

మెదడు: మాడ్యూల్ అనే పెట్టె ఇంజను పక్కనో, బండి కిందో ఉంటుంది. అందులో చిన్న కంప్యూటరు, మోటారు, వాల్వులు ఉంటాయి. బ్రేకు ఆయిల్ గొట్టాలు దానిలోంచే పోతాయి.

తిండి: ఇవన్నీ పని చేయడానికి బ్యాటరీ నుంచి కరెంటు రావాలి. ఆ కరెంటు ఫ్యూజు గుండా వస్తుంది.

ఒక చక్రం పట్టేయబోతోందని కన్ను చెప్పగానే మెదడు ఆ చక్రం బ్రేకును కాస్త వదులు చేస్తుంది. మళ్లీ పడుతుంది. మళ్లీ వదులుతుంది. ఒక్క సెకనులోనే ఇలా ఎన్నోసార్లు చేస్తుంది. అప్పుడు డ్రైవరు కాలి కింద పెడల్ గుడగుడమని అదురుతుంది. అది చెడు కాదు. ఎ.బి.ఎస్. పని చేస్తోందన్న మాట. అదిరిందని కాలు తీయకూడదు. గట్టిగా తొక్కి ఉంచాలి.

ఒక సంగతి మరిచిపోకండి. ఎ.బి.ఎస్. మంత్రం కాదు. కంకర రోడ్డు మీద, వదులు మట్టి మీద బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరమే పట్టవచ్చు. లోడు మించితే ఏ బ్రేకూ కాపాడదు. సరుకుల బండి వెనక కూలీలను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. బండికి ఎంత మంచి బ్రేకు ఉన్నా వెనక నిలబడ్డ మనిషికి పట్టుకోవడానికి బెల్టు లేదు.

దీపం చెప్పే మాట

బండికి తాళం తిప్పండి. మీటరు బోర్డు మీద చాలా దీపాలు వెలుగుతాయి. ఎ.బి.ఎస్. దీపం పసుపు రంగులో ఉంటుంది. గుండ్రటి గీత లోపల మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ గుండ్రానికి అటూ ఇటూ వంపు గీతలు ఉంటాయి. అక్షరాలు రాకపోయినా బొమ్మను బట్టి గుర్తుపట్టవచ్చు.

తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అలా ఆరితే అంతా బాగున్నట్టే.

వెలిగి ఆరకపోతే, లేదా దారిలో వెలిగితే ఎ.బి.ఎస్. పని చేయడం లేదు. కానీ మామూలు బ్రేకు ఉంటుంది. తొక్కితే బండి ఆగుతుంది. గట్టిగా తొక్కితే మాత్రం చక్రాలు పట్టేయవచ్చు. అందుకే వేగం తగ్గించాలి. ముందు బండికి ఎక్కువ దూరం ఉంచాలి. నెమ్మదిగా షెడ్డుకు చేర్చాలి.

ఎర్ర దీపం కూడా వెలిగితే? ముందు హ్యాండ్ బ్రేకు వేసి ఉందేమో చూడాలి. అది వేసి లేకపోతే బండిని మెల్లగా పక్కకు ఆపాలి. బ్రేకు ఆయిల్ తగ్గిపోయి ఉండవచ్చు. ఎక్కడో కారుతూ ఉండవచ్చు. లేదా మాడ్యూల్ పూర్తిగా పని మానేసి ఉండవచ్చు. చాలా బండ్లలో వెనక చక్రాలకు ఎంత బ్రేకు పడాలో లోడును బట్టి సరిచేసేది కూడా ఈ మాడ్యూలే. పికప్ బండి ఖాళీగా ఉంటే వెనక భాగం తేలికగా ఉంటుంది. మాడ్యూల్ పని మానేస్తే ఆ వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి పక్కకు తిరిగిపోవచ్చు. కాబట్టి రెండు దీపాలూ కలిసి వెలిగితే బండి నడపవద్దు. మెకానిక్‌నే బండి దగ్గరకు పిలవాలి.

పసుపు దీపం వస్తే జాగ్రత్తగా పో. ఎర్ర దీపం వస్తే ఆగిపో. ఈ రెండు ముక్కలు ఇంట్లో అందరికీ నేర్పండి.

తప్పు ఎక్కడ ఉండవచ్చు?

కంట్లో నలుసు పడితే తల మార్చుకుంటామా? నలుసు తీసుకుంటాం. ఇక్కడా అంతే. దీపం వెలిగిన ప్రతిసారీ మెదడు పోయినట్టు కాదు. చిన్న చిన్న కారణాలు చాలా ఉంటాయి. వాటిని వరసగా చూడాలి.

1. సెన్సార్‌కు బురద, ఇనుప రజను పట్టి ఉండవచ్చు. పొలాల దారిలో తిరిగే బండికి ఇది మామూలే.
2. సెన్సార్ వైరు టైరుకు రాసుకుని తెగవచ్చు. ఎలుకలు కొరకవచ్చు.
3. చక్రం దగ్గరి రింగు తుప్పు పట్టవచ్చు, పగలవచ్చు. చక్రం బేరింగు వదులు కావచ్చు.
4. ఫ్యూజు పోయి ఉండవచ్చు.
5. బ్యాటరీ బలం తగ్గవచ్చు. ఎర్తు వైరు వదులు కావచ్చు.
6. నాలుగు టైర్లు ఒకే సైజువి కాకపోవచ్చు.

ఇవన్నీ సరిగా ఉంటే, అప్పుడు మాడ్యూల్‌ను అనుమానించాలి. ఇంజను వేడికీ, గుంతల రోడ్డు కుదుపులకూ దాని లోపలి అతుకులు విరుగుతాయి. ప్లగ్గులోకి నీళ్లు పోతాయి. లోపలి మోటారు కాలుతుంది. ఇలా నిజంగానే మాడ్యూల్ పోయే బండ్లూ ఉన్నాయి. కానీ సెన్సార్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది మాడ్యూల్ ధర. అందుకే చూడకుండా మార్చకూడదు.

అమెరికాలో ఏం జరిగింది?

అమెరికాలో చలి ప్రాంతాలు ఉన్నాయి. అక్కడ రోడ్ల మీద మంచు కురుస్తుంది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. జనరల్ మోటార్స్ కంపెనీ 1999 నుంచి 2002 వరకు అమ్మిన పికప్ బండ్లలో ఆ ఉప్పు వల్ల సెన్సార్ దగ్గర తుప్పు పెరిగింది. ఆ తుప్పు సెన్సార్‌ను పైకి నెట్టింది. సెన్సార్‌కు రింగు సరిగా కనిపించలేదు. బండి మెల్లగా ఆగబోతుంటే, చక్రం పట్టేసిందని మాడ్యూల్ పొరపడింది. అక్కర లేకుండానే బ్రేకు వదులు చేసింది. దాంతో బండి ఆగాల్సిన చోటు దాటిపోయేది.

2005లో ఆ కంపెనీ సుమారు 8 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. సెన్సార్ దగ్గరి తుప్పును ఉచితంగా బాగు చేయించింది.

చూశారా? అక్కడ చెడింది మెదడు కాదు, కన్ను. మన కోస్తాలో మంచు లేదు. కానీ ఉప్పునీరు ఉంది. చేపలు, రొయ్యలు మోసే బండ్ల నుంచి ఉప్పునీరు కారుతూ ఉంటుంది. అది చక్రాల మీద పడి తుప్పు పెంచుతుంది. కాబట్టి పని అయ్యాక చక్రాలను మంచినీళ్లతో కడగాలి. పొడి రోడ్డు మీద మెల్లగా ఆగేటప్పుడు కూడా పెడల్ గుడగుడలాడితే, దీపం వెలగకపోయినా సెన్సార్లు చూపించాలి.

షెడ్డులో ఎలా మాట్లాడాలి?

ఈ మాటలు గట్టిగా చదవండి. ఒకరు అక్కగా, ఒకరు మెకానిక్‌గా చదవండి.

మెకానిక్: అక్కా, మాడ్యూల్ పోయింది. కొత్తది వేయాలి.
అక్క: ఎట్లా తెలిసింది తమ్ముడూ? స్కానర్ పెట్టి చూశావా?
మెకానిక్: దీపం వెలిగిందంటే అదే కదక్కా.
అక్క: కాదు తమ్ముడూ. ముందు స్కానర్ పెట్టు. ఏ నంబరు వస్తే ఆ నంబరు కాగితం మీద రాసివ్వు.
మెకానిక్: సరే అక్కా. ఇదిగో, సి 0035 అని వచ్చింది. ముందు ఎడమ చక్రం సెన్సార్ సంగతి.
అక్క: అయితే ఆ చక్రం విప్పు. వైరు తెగిందేమో చూడు. సెన్సార్ తుడిచి చూడు.
మెకానిక్: నిజమే అక్కా. వైరు తెగింది. టైరుకు రాసుకుంది.
అక్క: వైరు వేసి, టైరుకు తగలకుండా కట్టు. దీపం ఆరిందో లేదో ఖాళీ స్థలంలో నడిపి చూపించు. అప్పుడే డబ్బులు.

ఆ అక్క గొడవ పడలేదు. మెకానిక్‌ను దొంగ అనలేదు. వరసగా చూడమంది, అంతే. నంబరు చదవగలిగింది, రాయించుకుంది. అదే ఆమె బలం.

మాడ్యూల్ నిజంగా పోతే?

స్కానర్‌లో మాడ్యూల్ తప్పు అని వచ్చి, కరెంటు, ఎర్తు, ప్లగ్గు బాగుంటే అప్పుడు మాడ్యూల్ సంగతి చూడాలి. ముందు వారంటీ కాగితం చూడండి. వారంటీ ఉంటే కంపెనీ షోరూముకే పోవాలి. బయట విప్పిస్తే వారంటీ పోవచ్చు.

వారంటీ లేకపోతే రిపేరు అవుతుందేమో అడగండి. కొన్ని మాడ్యూళ్లకు లోపలి అతుకులు మళ్లీ వేసే పనివాళ్లు ఉన్నారు. పాత బండి నుంచి తీసిన మాడ్యూల్ కొంటే, దాని మీది నంబరు మీ మాడ్యూల్ నంబరుతో పూర్తిగా కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తీసుకోవద్దు. చాలా బండ్లలో దాన్ని కంప్యూటరుతో బండికి కలపాలి. మాడ్యూల్ మార్చాక బ్రేకు గొట్టాల్లోని గాలి మొత్తం తీయాలి. గాలి మిగిలితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అలా ఉంటే బండి రోడ్డు ఎక్కకూడదు.

బిల్లు అడగండి. తీసేసిన పాత మాడ్యూల్ చూపించమనండి. బిల్లు ఇచ్చిన వాళ్లు మోసం చేస్తే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సాయం కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు.

ఇంకొన్ని జాగ్రత్తలు

బ్రేకు ఆయిల్ మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే పోయాలి. ఇంజను ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పోతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి.

బండికి కడ్డీలు, స్టాండ్లు వెల్డింగ్ చేయిస్తారు. అప్పుడు ముందు బ్యాటరీ వైర్లు తీయించాలి. లేకపోతే వెల్డింగ్ కరెంటుకు మాడ్యూల్ కాలిపోవచ్చు. సర్వీసింగ్‌లో నీళ్ల పైపును మాడ్యూల్ మీదికి కొట్టనివ్వకూడదు.

పాత బండి కొనేటప్పుడు తాళం తిప్పి చూడండి. పసుపు దీపం అసలు వెలగకపోతే సంతోషపడవద్దు. తప్పు కనపడకుండా దీపమే తీసేసి ఉండవచ్చు. వెలిగి ఆరాలి. అదే మంచి గుర్తు.

చదివారుగా, ఇప్పుడు చెప్పండి

1. పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పని చేస్తుందా?
2. పసుపు దీపం, ఎర్ర దీపం రెండూ వెలిగితే ఏం చేయాలి?
3. మాడ్యూల్ మార్చే ముందు చూడాల్సిన 4 సంగతులు రాయండి.
4. ఈ రోజు మీ ఇంటి బండో, పక్కింటి బండో తాళం తిప్పించి చూడండి. పసుపు దీపం వెలిగిందా? ఆరిందా? తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి.