ఇకామాలో లేని మాట



జెద్దాలోని ఇండియన్ స్కూళ్లలో పాఠాలు చెప్పే ఆడవాళ్లలో చాలామందిమి భర్త వీసా మీద వచ్చినవాళ్లమే. ఊళ్లో బీఎడ్ చేసి, పదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి అయినా ఇక్కడి ఇకామాలో డిపెండెంటే. ఆ మాట మెల్లగా మనసులోకీ దిగుతుంది. "ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళ్తున్నానండీ" అని మనమే అనేస్తాం.

2017 జూలైలో డిపెండెంట్ ఫీజు మొదలైంది. నెలకు మనిషికి 100 రియాళ్లు. ఏటా పెరిగి 2020కి 400. ఎన్నో కుటుంబాలు ఇండియా వెళ్లిపోయాయి. వాళ్లతోపాటే మంచి మంచి టీచర్లూ!

ఉన్నవాళ్లని నిలబెట్టేది ఏమిటి? జీతమూ కావాలి, కాదనను. కానీ నన్ను నిలబెట్టింది స్టాఫ్ రూములో మాటలు. 1/2కి 1/3 కలిపితే 2/5 అని పిల్లలు రాస్తారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేస్తారు. కొట్టేసి సున్నా వేయడం ఎవరైనా చేస్తారు. సగం ఖుబ్బూస్ చేతికిచ్చి, "దీనికి ఇంకో ముక్క కలిపితే సగం కన్నా తగ్గుతుందా?" అని అడగాలని తట్టడం టీచరు పని. 2/5 సగం కన్నా తక్కువే కదా! అలాంటివి తోటి టీచరుతో చెప్పుకున్న రోజున ఇకామా గుర్తుకు రాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే విద్యార్థులే బండి లాగి స్టేషన్‌కి చేర్చారట. మాకు అంత వద్దులెండి. సెప్టెంబర్ 5న పెన్నుతోపాటు ఒక్క వాక్యం రాసి పంపండి: "మేడమ్, మీరు చెప్పిన ఖుబ్బూస్ లెక్క మావాడు చెల్లెలికి చెబుతున్నాడు."