మన యింటికి మంచి హార్మోనియము

బాలికకు సంగీతము నేర్పింపదలచిన యింట మొట్టమొదట అడుగుపెట్టు వాద్యము తఱచుగా హార్మోనియమే. వీణ ఖరీదైనది, దానిని నేర్పు గురువులు అన్ని యూళ్లలో దొరకరు. తంబురాను శ్రుతి చేసికొనుటకు చెవి కొంత పదును పడియుండవలెను. హార్మోనియమునకు ఆ చిక్కులు లేవు. తిత్తి నూది మెట్టు నొక్కినచో స్వరము పలుకును. అందుచేత మొదటి పెట్టెను మనము ఎక్కువ విచారణ లేకయే కొనుచుందుము. సరళీ వరుసలకు, జంట వరుసలకు అది చాలును. కాని బాలిక గీతములు దాటి, కీర్తనలు, భజనలు, పద్యములు తానే పాడుచు వాయించుకొను దశకు వచ్చినపుడు మెఱుగైన పెట్టె కావలసివచ్చును. అప్పుడు పొరపడినచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. బిడ్డ చెవి చెడును, ఒక్కొక్కప్పుడు పాటయే మానిపోవును. మా యింట జరిగినదానిని ముందు చెప్పి, దానివలన మేము నేర్చుకొన్నదానిని సోదరీమణులకు విన్నవింతుము.

మా పెద్దమ్మాయికి తొమ్మిదవ యేట, బంధువొకరు చెప్పగా, దగ్గఱి పట్టణములో ఒక పెట్టె కొంటిమి. దాని వార్నిషులో ముఖము కనబడెడిది. ముందువైపున తొమ్మిది గుండీలు వరుసగా మెఱయుచుండెను. చూడవచ్చినవారెల్లరు మెచ్చుకొనిరి. రెండేండ్లు బాగుగనే గడచెను. మూడవ యేట నుండి అమ్మాయి పాటకును పెట్టెకును గాంధారము దగ్గఱ పొసగకుండెను. “అమ్మా, పెట్టెయే తప్పు పలుకుచున్నది” అని అది రెండు మూడు మాఱులు చెప్పెను. మేము వినలేదు. “పెట్టెకేమి తెలియును తప్పు పలుకుటకు? నీవే సరిగా వినుటలేదు” అని మందలించితిమి. పిల్ల గొంతు తగ్గించి పాడసాగెను. పిమ్మట తలనొప్పి యనియు, పాఠము లున్నవనియు సాకులు చెప్పెను. కొన్ని నెలలకు పెట్టెమీద గుడ్డ తీయుటయే మానెను.

ఒకనాడు సంగీతపు పంతులమ్మగారు మా యింటికి వచ్చి, తంబురా శ్రుతిమీద పిల్లచేత పాడించిరి. తరువాత పెట్టె వాయించి చూచి, “అమ్మా, మీ పిల్ల గాంధారము చక్కగా నున్నదండి. దిగిపోయినది పెట్టె గాంధారము. మీరు దానిని ఊరక కోప్పడుచున్నారు” అనిరి. ఆనాడు మేము పడిన సిగ్గును ఇప్పటికిని మఱవలేదు. పిల్ల ఒక్కమాటయు అనలేదు. అదియే మాకు మఱింత కష్టమాయెను.

ఇంతకును ఆ పెట్టెలో నేమున్నదో తెలిసికొందము. హార్మోనియమునకు ప్రాణము రీడు. సన్నని ఇత్తడి నాలుక నొకదానిని ఇత్తడి రేకుమీద ఒక కొనను బిగింతురు. రెండవ కొన విడిగా నుండి, గాలి తగులగనే రేకులోని సందున అల్లాడి పలుకును. పొడవైన నాలుక మంద్రముగాను, పొట్టిది తారముగాను పలుకును. ఈ ఉపాయము చీనా దేశమున షెంగ్ అను వాద్యములో బహు పూర్వమే కలదు. ఐరోపాలో దీనినుండియే పలు వాద్యములు పుట్టినవి. లండనులో చార్లెస్ వీట్‌స్టన్ 1829లో పేటెంటు పొంది, రెండు చేతుల నడుమ తిత్తిని సాగదీసి వాయించు కాన్సర్టినాకు నాంది పలికెను. పారిసులో అలెగ్జాండ్ర్ దెబేన్ 1840 తరువాతి తొలి యేండ్లలో కాలితో త్రొక్కి వాయించు హార్మోనియమును సిద్ధపఱచెను. నేలమీద కూర్చుండి పాడు మన ఆచారమునకు తగినట్లు, ఎడమచేత తిత్తి నూదుచు కుడిచేత వాయించు చిన్న పెట్టెను పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ప్రచారమునకు తెచ్చెను. మన నాటకరంగమునకు, భజనమందిరములకు చేరినది ఈ చేతిపెట్టెయే.

రీడు చిరకాలము ఒకే తీరున పలుకదు. దానిమీద దుమ్ము చేరినచో స్వరము దిగును. నాలుక మొదట సన్నని పగులు పుట్టినను స్వరము క్రమముగా దిగి, తుదకు నాలుక విఱుగును. మా పెట్టెలో జరిగినది ఈ రెండవదే. ఇది తల్లులందఱును తెలిసికొనదగిన విషయము. పాడు పిల్లయే తప్పుచున్నదని అనుకొనుటకు ముందు పెట్టెను పరీక్షింపవలెను.

ఇక ధరమాట. ఇప్పుడు అంగళ్లలో అభ్యాసపు పెట్టెలు సుమారు 10,000 రూపాయలకు దొరకుచున్నవి. కచేరీలకు పనికివచ్చు పెద్ద పెట్టెలు 50,000 దాటి పోవును. రెంటికి నడుమ 20,000 మొదలు 40,000 వఱకు గల పెట్టెలు మన బాలికకు తగినవి. అయితే ఈ నడిమి ధరలోనే మోసపోవుటకు అవకాశ మెక్కువ. ఇచ్చిన సొమ్ము రీడ్లకు, తిత్తికి, మెట్లకు పోయినదా, లేక వార్నిషుకు, గుండీలకు పోయినదా అని చూచుకొనవలెను.

మొదటి పరీక్ష గాలిది. గుండీలన్నిటిని మూసి తిత్తిని మెల్లగా నూదుడు. లోపలి తిత్తి నిండిన తరువాత చేతికి ఎదురు తగులవలెను. ఎంత యూదినను చేయి తేలికగా పోవుచున్నచో గాలి ఎక్కడనో కాఱుచున్నదన్నమాట. పిమ్మట ఒక్క గుండీ తెఱచి, ఒక్క మెట్టు నొక్కి, తిత్తి నిండుగా నూది చేయి తీసి, ఆ స్వర మెంతసేపు నిలుచునో ఆదితాళము వేసి లెక్కింపుడు. అదే లయలో రెండవ పెట్టెమీద కూడ లెక్కించినచో ఏది మేలో మీకే తెలియును. ఆ తరువాత శ్రుతి గుండీలు తప్ప తక్కిన గుండీలన్నియు తెఱచి, ఏ మెట్టును నొక్కక యూదుడు. ఏ స్వరమును తనంతట తాను పలుకరాదు.

రెండవ పరీక్ష రీడ్లది. గట్టిగా నూదినప్పుడు ఏ పెట్టెయైనను మ్రోగును. మెల్లగా నూదుచు ఒక్కొక్క మెట్టును నొక్కి చూడుడు. మంచి రీడు తక్కువ గాలికే వెంటనే పలుకును. చెడ్డది ఆలసించి, మూలిగి పలుకును. తరువాత మధ్య షడ్జమమును తార షడ్జమమును కలిపి నొక్కుడు. రెండును ఒక్కటై నిలిచినచో మంచిదే. “వావ్ వావ్” అని అలలు వినబడినచో శ్రుతి చెదరినదని గ్రహింపవలెను. ఇట్లు అన్ని స్వరములకును చేయుడు. నేడు చేతిఫోనులలో శ్రుతిని కొలుచు సాధనము లుచితముగా దొరకుచున్నవి. ఆఱవ మెట్టు, అనగా పాశ్చాత్యుల ‘ఏ’, క్షణమునకు 440 కంపనములతోగాని, దానికి సరియైన స్థాయిభేదముతోగాని ఉన్నదేమో అందు చూడవచ్చును. గుజరాతులోని పాలిటానా రీడ్లకు పేరు గలదు. కాని పేరు విని తృప్తిపడక చెవితో విని కొనుటయే మంచిది.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. హార్మోనియములో స్థాయిని పండ్రెండు సమభాగములుగా పంచుదురు. అందుచే సరిగా శ్రుతిచేసిన పెట్టెలోను అంతర గాంధారము తంబురాలో వినబడు సహజ గాంధారమున కంటె రవంత హెచ్చుగా నుండును. ఇది పెట్టె దోషము కాదు, దాని స్వభావము. కాని ఒక గాంధారము మాత్రము తక్కిన స్థాయులలోని గాంధారములతో కలియక దిగియున్నచో అది నిజమైన దోషమే.

మూడవ పరీక్ష మెట్లది. అన్నియు ఒకే లోతునకు దిగవలెను. వ్రేలు తీయగనే పైకి రావలెను. ప్రక్కలకు ఊగి టకటక మనరాదు. వేగముగా వాయించుట నేర్చుకొను పిల్లకు ఇది అన్నిటికంటె ముఖ్యము. మెట్టు ఆలసించినచో వ్రేళ్లు ఆలస్యమునకే అలవాటు పడును.

ఎన్ని మెట్లు కావలెనని అడుగుదురు. 37 గాని, 39 గాని చాలును. స్త్రీలు సామాన్యముగా అయిదు, అయిదున్నర, ఆఱు శ్రుతులలో పాడుదురు. అయిదున్నరలో షడ్జమ ముంచుకొన్నచో మంద్ర పంచమము రెండున్నర మెట్టుమీద పడును. పైన తార పంచమము వఱకును చోటుండును. ఇంట మగవారు కూడ ఒకటిన్నర శ్రుతిలో పాడుకొందురేమో కొనుటకు ముందే ఆలోచించుకొని, వారి మంద్ర స్వరములకు సరిపోవునేమో అంగడిలోనే పాడి చూచుకొనవలెను.

రీడ్ల వరుసలు రెండున్నచో చాలును: అంగడివారు బేసు అను మంద్ర వరుస యొకటి, మేలు అను మధ్య వరుస యొకటి. 39 మెట్ల పెట్టెలో అప్పటికే 78 రీడ్లగును. మూడవ వరుస చేర్చినచో 117 అగును. గాలి యెక్కువ కావలెను, శ్రుతి చేయించు ఖర్చును పెరుగును. ఒక మెట్టు నొక్కినచో క్రింది స్థాయిలోని మెట్టును తోడు తెచ్చు కప్లరు నాదమునకు నిండుదన మిచ్చునుగాని అభ్యాసమునకు అవసరము కాదు. మెట్ల వరుసనే జరిపి శ్రుతి మార్చు స్కేలు ఛేంజరు ధరను, బరువును పెంచును. ఒకే శ్రుతిలో పాడుకొను బాలికకు దానితో పనిలేదు. గుండీల సంఖ్యను చూచి మురియవలదు. ఒక్కొక్కటి లాగి, ఇది యేమి చేయునని అంగడివాని నడుగుడు. మా మొదటి పెట్టెలోని తొమ్మిదింటిలో నాలుగు అలంకారమునకే ఉన్నవని మాకు తరువాత తెలిసినది.

హార్మోనియము చేయలేని పనిని కూడ చెప్పుట ధర్మము. అది ఒక స్వరమునుండి వేఱొక స్వరమునకు జాఱలేదు, గమకము పలుకలేదు. ఈ కారణముననే 1940లో ఆలిండియా రేడియో దీనిని ప్రసారములనుండి తొలగించెను. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. కావున తోడి, భైరవి వంటి రాగములను పెట్టెను చూచి నేర్చుకొనరాదు. గురుముఖమున విని గొంతుతో సాధింపవలెను. స్వరస్థానము గుర్తు పట్టుటకు, భజనలకు, పద్యములకు, లలితమైన పాటలకు పెట్టె చక్కని తోడు. దాని హద్దు తెలిసియుంచుకొన్నచో దానివలన కీడు లేదు.

కొన్న తరువాత జాగ్రత్తలు స్వల్పములే. వాయించనప్పుడు మూత వేసి గుడ్డ కప్పవలెను. చెమ్మగల గోడ ప్రక్కను, ఎండ పడు కిటికీ దగ్గఱను ఉంచరాదు. వానకాలమున కఱ్ఱ ఉబ్బి మెట్లు పట్టుకొనును. మెట్లకు నూనె పోయరాదు. తిత్తి తోలును ఎలుక కొఱుకకుండ చూచుకొనవలెను. గుండీలన్నియు మూసినగాని పెట్టెను కదపరాదు. శ్రుతి చెదరినచో ఇంట రీడును గీకబోవక పనివానిని పిలిపింపుడు. నాలుక కొనను గీకిన శ్రుతి హెచ్చును, మొదట గీకిన తగ్గును; ఇంత సున్నితమైన పనిని తెలియని చేయి చేసినచో రీడు పాడగును.

రెండవ పెట్టె కొనునాడు మేము అమ్మాయిని వెంటబెట్టుకొని పోతిమి. మేము నున్నని మెఱుపు గల పెట్టెను చూచుచుండగా, అది మూలనున్న సాదా పెట్టె ముందు కూర్చుండి, ఒక్కొక్క మెట్టు నొక్కి, కన్నులు మూసికొని వినుచుండెను. దాని ముందు గుండీలు అయిదే. దాని ధర మేము చూచినదానికంటె నాలుగువేలు తక్కువ. “అమ్మా, దీని గాంధారము విను” అనెను. ఈసారి మేము వింటిమి. ఆ పెట్టెనే కొంటిమి. పాత పెట్టెకు రీడు మార్పించి, తిత్తి అతికించి, రెండవ పిల్లకు సరళీ వరుసలకై ఉంచితిమి.

సోదరీమణులారా, పెట్టె కొనునప్పుడు అంగడివాని మాట వినుడు, గురువుల మాట వినుడు. కాని దానిని ప్రతిదినము వాయింపబోవు బిడ్డ మాటను అన్నిటికంటె శ్రద్ధగా వినుడు. ఆ బిడ్డ “పెట్టె తప్పు పలుకుచున్నది” అన్ననాడు, మందలించుటకు ముందు ఒక్కమాఱు తంబురా శ్రుతిమీద పాడించి చూడుడు.