కార్తెయు నక్షత్రపట్టికయు

పంజగుట్ట నుండి అమీరుపేటకు పోవువారిలో, అచ్చట చుక్కలను లెక్కించిరని యెరిగినవారు అరుదు. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము 1908లో అమీరుపేటకు చేరినది. పలుదేశముల వేధశాలలు ఆకాశమును పంచుకొని ఛాయాచిత్రములు తీయగా, దీని వంతున 7 లక్షలకు పైగా తారలు పట్టికకెక్కినవి.

రైతునకు చుక్కల లెక్క యేల యందురా? బాబిలోనువారి మట్టిపలకలపై నున్న నక్షత్రపట్టిక పేరే 'నాగలిచుక్క'. చంద్రమార్గపు తారలలో అది తొలుత చెప్పునది మన కృత్తికనే. మన వేదకాలపు వరుసయు కృత్తికతోనే మొదలు. పాలినేషియా జాతియగు మావోరీలకు, చలికాలపు వేకువను కృత్తికలు మరల పొడుచుటయే సంవత్సరాది. అవి మసకగా నున్నచో నాట్లు ఆలస్యము చేసెడివారు. మాయాజాతివారి 365 దినముల పంచాంగమునకు అధికదినము లేనందున, నాలుగేండ్లకొక దినము ఋతువు తప్పెడిది.

మన కార్తెయు తప్పుచున్నది, కాని మెల్లగా. సూర్యుడు ఒక నక్షత్రమును మరల చేరుటకు పట్టుకాలము ఋతుచక్రము కంటె సుమారు 20 నిమిషములెక్కువ. అది 70 ఏండ్లకొక దినమగును. వరాహమిహిరుని నాటి మృగశిర నేటికి 20 దినములు వెనుకబడినది.

మృగశిర తొలిచినుకునకే జొన్న విత్తుడని యొకయేడు మేమే చెప్పి, ఒక గ్రామమున విత్తనము ఎండబెట్టించితిమి. వారు సంఘమున మరల అప్పు తీసి ఆరుద్రలో విత్తిరి. ఇప్పుడు మేము కార్తెతోబాటు మన్ను జానెడు త్రవ్వించి, పిడికిట పట్టి, ముద్దయైనచో విత్తుడనుచున్నాము.