ఇనుముకు జంకని ఫే

ఫే అంటే పువ్వుల మీద వాలే చిట్టి రెక్కల దేవకన్యలు కారు. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లె జనం తరతరాలుగా భయపడిన అదృశ్య జాతి. పేరెత్తితే ఎక్కడ ఆగ్రహిస్తారోనని వాళ్లను ‘మంచివాళ్లు’ అనే పిలిచేవారు. పసిబిడ్డను ఎత్తుకుపోయి తమ బిడ్డను ఆ చోట వదిలిపోతారన్న భయంతో ఉయ్యాల మీద ఇనుప పటకారు పెట్టేవారు. (బాలింత పక్కన ఇనుప ముక్క ఉంచే ఆచారం తెలుగు ఇళ్లలోనూ ఉంది.) 1690ల తొలినాళ్లలో స్కాట్లండ్‌లోని అబర్‌ఫాయిల్ ఫాదరీ రాబర్ట్ కిర్క్ వీళ్ల మీద ఒక గ్రంథమే రాశాడు.

టీనేజీ ఫే నవల చేతపట్టిన పాఠకుడు వెతికేది ఆ భయాన్నే. ఇనుమంటే జంకు, మాట తిరకాసున్న బేరం, అబద్ధమాడలేని నాలుక: ఈ కట్టుబాట్లే ఫేకు ఒక స్వభావాన్నిస్తాయి. అవి సడలినప్పుడు మిగిలేది కోసు చెవుల అందగాడు. వయసు వందల ఏళ్లు, తీరు మాత్రం కాలేజీ సీనియర్‌ది. ఆశాభంగం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

సారా జె. మాస్ 2015లో రాసిన ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ ఇందుకు మంచి ఉదాహరణ. వేటాడి ఇంటిల్లిపాదినీ పోషించే ఫేరా అడవిలో ఓ తోడేలును చంపుతుంది. అది ఫే అని తేలడంతో అందుకు బదులుగా టామ్లిన్ అనే ఫే ప్రభువు భవనానికి వెళ్లాల్సి వస్తుంది. ఇనుము తమనేమీ చేయదనీ, అబద్ధాలు చక్కగా ఆడగలమనీ లూసియన్ అనే ఫే అక్కడే ఆమెకు చెప్పేస్తాడు. అబద్ధమాడలేరన్న మనుషుల నమ్మకం ఫే పుట్టించిన బూటకమనడం తెలివైన మలుపే. కానీ ఆ కట్టుబాట్ల చోట నిలబెట్టడానికి రచయిత్రి దగ్గర ఉన్నది కొద్దిగానే. నెలకో వారం తన దగ్గర ఉండాలని రీసాండ్ అనే మరో ఫే ప్రభువు ఫేరాతో కుదుర్చుకునే బేరంతో గానీ పాత భయం ఛాయలు కనిపించవు. పైగా మొదట టీనేజీ పుస్తకంగా వచ్చిన దీన్ని 2020లో కొత్త అట్టలతో పెద్దల విభాగానికి మార్చారు. పాత ముద్ర చూసి పిల్లలకు కొనిచ్చినవాళ్లు కంగుతినడంలో వింత లేదు.

హాలీ బ్లాక్ 2018 నవల ‘ద క్రూయెల్ ప్రిన్స్’ దారి వేరు. అందులో ఫే అబద్ధమాడలేరు, మనిషి పిల్ల జూడ్ ఆడగలదు. బలంలో వాళ్లకు సాటిరాని ఆ అమ్మాయికి రాజసభలో అదే ఆయుధం. విషప్రయోగాన్ని తట్టుకోవడానికి ఆమె రోజూ కొద్దికొద్దిగా విషం మింగి ఒంటికి అలవాటు చేసుకుంటుంది. ఆమెకు ఎదురయ్యే ప్రమాదం, ఆమె ఎత్తుగడ రెండూ కట్టుబాట్ల నుంచే పుడతాయి.

ప్రేమకథ చాలనుకునేవారికి మాస్ నవల నిరాశ కలిగించదు. ‘మంచివాళ్ల’ భయం రుచి చూడాలనుకునేవారు మాత్రం బ్లాక్‌తో మొదలుపెట్టడం మేలు.