గోధుమ పడని అతిథి

కొన్నేళ్ల కిందటి రమజాన్ నెల. మా మదరసా విద్యార్థులతో కలిసి ఒక శ్రేయోభిలాషి ఇంటికి ఇఫ్తార్‌కు వెళ్లాము. ఖర్జూరంతో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు ముగించి కూర్చోగానే దస్తర్‌ఖాన్ మీదికి వేడివేడి హలీమ్ వచ్చింది. పదేళ్ల విద్యార్థి ఒకడు మాత్రం గిన్నె ముట్టలేదు. “నాకు గోధుమ పడదు, ఉస్తాద్. డాక్టరు వద్దన్నారు” అన్నాడు మెల్లగా. ఇంటి యజమాని ముఖం చిన్నబోవడం చూసి మేమే కలుగజేసుకున్నాము. “రెండు చెంచాలు తిను బాబూ, ఏమీ కాదు. ప్రేమతో పెట్టిన తిండిని కాదనకూడదు” అన్నాము. గురువు మాట కాదనలేక ఆ బాలుడు తిన్నాడు. ఆ రాత్రే కడుపునొప్పి, వాంతులు మొదలై మూడు రోజులు మంచం పట్టాడు. అతనిని చూడటానికి వచ్చిన తల్లి మమ్మల్ని నిందించలేదు. ఆ జబ్బు ఎటువంటిదో ఓపికగా వివరించారు. మర్యాద పేరిట ఒక పసివాడికి మేము చేసిన హాని అప్పుడు మాకు అర్థమయింది.

ఆ బాలుడికి ఉన్నది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారు దానిని తింటే శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. ఆహారంలోని ఇనుము, కాల్షియం వంటివి ఒంటికి పట్టవు. రక్తహీనత వస్తుంది, పిల్లలలో ఎదుగుదల మందగిస్తుంది. 1940వ దశకంలో నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే, గోధుమ మానిపిస్తే ఇటువంటి పిల్లలు కోలుకుంటారని గుర్తించారు. నేటికీ చికిత్స అదే: జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం. అయితే అనుమానం కలిగినవారు తమంతట తాము గోధుమ మానేయరాదు. పరీక్షలకు ముందే మానేస్తే వ్యాధి బయటపడకపోవచ్చు. ముందు వైద్యుని సంప్రదించాలి.

“కొంచెం తింటే ఏమవుతుంది?” అన్న ప్రశ్నకు ఒక లెక్క చాలు. గ్లూటెన్ రహితమని అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదన్నది అంతర్జాతీయ ప్రమాణం. మన దేశంలోనూ అదే నియమం. ఒక్క గ్రాము గోధుమపిండిలో దాదాపు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. వేడి చేస్తే, వేయిస్తే అది పోదు. మేము తినిపించిన రెండు చెంచాల హలీమ్ ఎంత ఎక్కువో పాఠకులే ఊహించగలరు.

అందుకే ఇటువంటివారికి ఇల్లు దాటి తినడం ఒక పరీక్ష. అయితే ఈ పరీక్షకు కావలసిన అలవాటు ముస్లిం కుటుంబాలకు కొత్తది కాదు. కొత్త ఊరిలో హోటలుకు వెళ్లగానే మనం ఏమి అడుగుతాము? మాంసం హలాలేనా? నిషిద్ధమైనది ఇదే నూనెలో వేయించారా? అదే గరిటె వాడారా? సందేహం తీరకపోతే మొగమాటపడకుండా లేచి వస్తాము. సీలియాక్ రోగి అడగవలసిన ప్రశ్నలూ ఇవే. గోధుమ నిషిద్ధం కాదు, అది అల్లాహ్ ప్రసాదించిన ఆహారమే. కాని అది పడని ఒంటిని కాపాడుకోవడమూ మన బాధ్యతే. హలాల్ అన్న బోర్డు ఆ ఆహారం ఈ రోగికి సురక్షితమని చెప్పదన్నది గుర్తుంచుకోవాలి.

మన వంటకాలనే పరిశీలిద్దాం. హలీమ్‌కు ఆధారమే గోధుమ. నాన్, రుమాలీ రోటీ, లుఖ్మీ, సమోసా, గులాబ్‌జామూన్‌లలో మైదా ఉంటుంది. షీర్‌ఖుర్మాలో సేమియా, డబుల్ కా మీఠాలో బ్రెడ్డు ఉంటాయి. వీటిని గుర్తించడం తేలిక. గుర్తించలేనివే అసలు ప్రమాదం. బిర్యానీలో బియ్యం, మాంసమే ఉన్నా దమ్ పెట్టేటప్పుడు మూత అంచుకు గోధుమపిండి ముద్ద అంటిస్తారు. మూత తీసినప్పుడు దాని పెళుసులు అన్నంలో రాలవచ్చు. కరకరలాడాలని వేయించే ఉల్లిపాయలకు కొందరు మైదా పట్టిస్తారు. కబాబులలో బ్రెడ్డుపొడి, చికెన్ 65కు మైదా పూత, మంచూరియాలో గోధుమ కలిసిన సోయాసాస్ ఉండవచ్చు. ఇడ్లీకి భయం లేకపోయినా సాంబారులోని ఇంగువను చూసుకోవాలి. బజారు ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. సాదా దోసె మంచిదే అయినా అదే పెనం మీద రవ్వదోసె, చపాతీ కాల్చి ఉండవచ్చు. మిర్చిబజ్జీ శనగపిండిదే, కాని నూనె సమోసాలు వేయించినది కావచ్చు. జొన్నరొట్టెలో సాగడానికి గోధుమపిండి కలిపారేమో అడగాలి.

రోగిని చూడటానికి ప్రేమతో తల్బీనా తెచ్చేవారూ ఉంటారు. అది బార్లీతో చేసినది. ఈ వ్యాధి ఉన్నవారు దానిని సవినయంగా తిరస్కరించవచ్చు, అందులో అపరాధ భావానికి చోటు లేదు.

ఆ బాలుడి తల్లి పాటించే పద్ధతి మాకు ఎంతో నచ్చింది. హోటలుకు వెళ్లే ముందు రద్దీ లేని వేళ ఫోను చేస్తారు. వడ్డించేవారిని కాక వంటవారిని అడుగుతారు. గ్లూటెన్ అన్న మాట చాలామందికి తెలియదు కనుక ధాన్యాల పేర్లే చెబుతారు. పిండి పూత ఉందా, నూనె వేరా, పెనం, గరిటె కడిగారా, మసాలాలో ఏమి కలిపారు అన్న నాలుగు ప్రశ్నలు వేస్తారు. తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన ఒక చీటీని బాలుడి జేబులో ఉంచుతారు. అందులో ఇలా ఉంటుంది: “నాకు సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, మైదా, రవ్వ, సేమియా, బార్లీ కొంచెం కలిసినా జబ్బు చేస్తుంది. దయచేసి కడిగిన గిన్నె, గరిటె వాడండి. వాటిని వేయించిన నూనె వాడవద్దు. సందేహం ఉంటే చెప్పండి, నేను తినను.” పెళ్లి దావత్ అయితే అందరికంటే ముందు, గరిటెలు కలగలిసిపోక మునుపే వడ్డించమంటారు. ఏదీ కుదరకపోతే ఉంటుందని సంచిలో ఇంటి అన్నం డబ్బా ఉండనే ఉంటుంది.

ఇక ఆతిథ్యమిచ్చేవారి విషయం. మనది కలిసి తినే సంప్రదాయం. నాన్ ముక్క ముంచిన చేతితోనే అందరూ ఒకే గిన్నెలోని కూర తీసుకుంటాము. ఆ కూర ఇక సీలియాక్ రోగికి పనికిరాదు. అలాగని అతనిని మూలన కూర్చోబెట్టనక్కరలేదు. అతని వంతు ముందే వేరే పళ్లెంలో తీసిపెట్టి, అదే దస్తర్‌ఖాన్ మీద పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

వద్దన్న అతిథిని బలవంతపెట్టరాదు. దైవప్రవక్త (సఅసం) ముందుకు ఒకసారి వండిన ఎడారి ఉడుము మాంసం వచ్చింది. అదేమిటో తెలియగానే ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. అది నిషిద్ధమా అని అడిగితే కాదన్నారు, తమ జాతి వారి ప్రాంతంలో లేనిది కనుక తమకు రుచించదని చెప్పారు. పక్కనే ఉన్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దానిని తిన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ సంఘటన ఉంది. వద్దన్నందుకు ఆతిథ్యానికి లోటు రాలేదు, తిన్నవారికి అభ్యంతరమూ కలగలేదు. ఎన్నో ఏళ్లుగా ఈ హదీసును బోధిస్తున్న మేము ఆ ఇఫ్తార్ రాత్రి దానిని మరచిపోయాము.

మరుసటి ఏడు అదే శ్రేయోభిలాషి మళ్లీ ఆహ్వానించారు. ఈసారి మేము ముందుగానే ఫోను చేసి విషయం చెప్పాము. ఇఫ్తార్ నాడు హలీమ్ దేగ్చాకు దూరంగా, కడిగిన చిన్న గిన్నెలో అన్నం, మాంసం కూర మూతపెట్టి ఉన్నాయి. ఆ ఇంటి తల్లి మసాలాలు కూడా ఇంట్లోనే దంచారట. బాలుడు మూత తీసి మా వైపు చూశాడు. “తిను బాబూ, మేమే అడిగి తెలుసుకున్నాము” అన్నాము. బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి, అందరితో పాటు కడుపునిండా తిన్నాడు.